మోదుగ కొమ్మ మీద పోలయ్య

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక పచ్చిక బయలు. బయలుకు ఒక పక్క వాగు, ఇంకో పక్క గడ్డిదిబ్బ. మధ్యలో ఒక నల్లమద్ది చెట్టు ఉండేది. చుట్టుపక్కల దానికంటే ఎత్తయిన చెట్టు లేదు. ఆ చెట్టు చిటారు కొమ్మ మీద పోలయ్య అనే కొండముచ్చు కూర్చునేవాడు.

ఊరికే కూర్చునేవాడు కాదు పిల్లలూ. పోలయ్యది కాపలా పని. దుప్పులకు ముక్కు గట్టిది గానీ దూరం చూపు అంతంత మాత్రం. కొండముచ్చులకు చూపు గట్టిది. అందుకని తాతల కాలం నుంచీ ఆ రెండు జాతుల మధ్య ఒక మాట నడుస్తోంది. దుప్పులు కింద మేస్తుంటే కొండముచ్చు పైన కూర్చుని చూడాలి. కొండముచ్చులు నీళ్ళకు దిగితే దుప్పులు వాసన పట్టి చెప్పాలి. పొదల్లో చిరుత కనబడిందా, పోలయ్య "ఖక్! ఖక్! ఖక్!" అని కేక పెట్టేవాడు. దుప్పులు తోకలెత్తి పరుగు తీసేవి. చిరుతకు ఒక గుణం ఉంది. తనను ఎవరైనా చూశారని తెలిస్తే ఇక వేటాడదు. మొహం ముడుచుకుని వచ్చిన దారినే పోతుంది.

పోలయ్యకు ఆ పనంటే ప్రాణం. తెల్లవారగానే దుప్పులు మంచులోంచి ఒక్కొక్కటే బయలులోకి వచ్చేవి. చెట్టు కిందికి రాగానే మెడలెత్తి పైకి చూసేవి. "పోలయ్య ఉన్నాడు" అనుకుని తలలు దించి మేతలో పడేవి. అలా తలలు దించుకునే ఆ ఒక్క క్షణం కోసమే పోలయ్య పక్షులకంటే ముందు లేచేవాడు. ఇంతమంది తనను నమ్మి కళ్ళు దించుకున్నారంటే వాడికి కడుపు నిండిపోయేది.

అందరిలోనూ ముందుగా వచ్చేది చుక్కమ్మ అనే ఆడదుప్పి. అది పెద్దది, మాట కరుకు. దానికి చాలా కాలానికి ఒక పిల్ల పుట్టింది. పిల్లకు మూడు వారాలు. కాళ్ళు ఇంకా తడబడుతుండేవి.

ఇప్పుడు చెప్పబోయేది కొంచెం బాధగా ఉంటుంది. అయినా చెప్పాలి.

ఆ పిల్ల పుట్టకముందు మూడేళ్ళపాటు ఆ అడవిలో సరైన వాన లేదు. వాగు ఎండిపోయింది. చిరుత ఆ ఎండిన వాగు ఇసుకలో నడుచుకుంటూ వచ్చేది. ఎప్పుడొచ్చినా అదే దారి. అందుకని పోలయ్య వాగు వైపే చూసేవాడు. వాగు మలుపులో ఆకు కదిలితే చాలు, పట్టేసేవాడు. "మా పోలయ్య కన్ను తప్పించుకుని చీమ కూడా రాలేదు" అని దుప్పులు చెప్పుకునేవి. పోలయ్య కూడా అలాగే అనుకున్నాడు.

నాలుగో ఏడు వానలు దంచికొట్టాయి. వాగు ఒడ్లు ఒరుసుకుని పారింది. గడ్డిదిబ్బ మీద గడ్డి దుప్పి వీపు దాటి పెరిగింది. అడవి అంతా సంబరపడింది. మరి వాగు నిండితే చిరుత ఏ దారిన వస్తుంది? పోలయ్య ఆ మాటే ఆలోచించలేదు. అలవాటు కొద్దీ వాగు వైపే చూస్తూ కూర్చున్నాడు. మూడేళ్ళ అనుభవం ఉన్నవాడికే ఇలాంటి పొరపాటు జరుగుతుంది. కొత్తవాడైతే నాలుగు వైపులా బిక్కుబిక్కుమంటూ చూసి ఉండేవాడు.

ఆ రోజు చిరుత దిబ్బ వెనక నుంచి వచ్చింది. గడ్డిలో పొట్ట ఆనించి పాకింది. పోలయ్య తల తిప్పేసరికి ఆలస్యమైపోయింది. చుక్కమ్మ పిల్లను చిరుత ఎత్తుకుపోయింది.

చుక్కమ్మ దిబ్బ దాకా పరిగెత్తింది. అక్కడ నిలబడి పిలిచింది. చాలాసేపు పిలిచింది.

ఎవరూ పోలయ్యను తిట్టలేదు. చెట్టు దిగమని ఎవరూ అనలేదు. మర్నాడు పొద్దున దుప్పులు చెట్టు కిందికి వచ్చి ఎప్పటిలాగే మెడలెత్తాయి. పైకి చూశాయి. కానీ తలలు దించలేదు. మేస్తూనే మాటిమాటికీ చుట్టూ చూసుకున్నాయి. పోలయ్య అది చూశాడు. వాడికి తల కొట్టేసినట్టయింది. కిక్కురుమనకుండా చెట్టు దిగి, కొమ్మల మీదుగా వాగు దాటి, అవతలి బండల మీదికి వెళ్ళిపోయాడు.

బండల మీద తిండికి లోటు లేదు. నేరేడు చెట్లున్నాయి. ఎండకు వెచ్చగా పడుకోవచ్చు. కాపలా బాధ లేదు. హాయిగా ఉండాల్సింది. కానీ పోలయ్యకు తెల్లవారకముందే మెలకువ వచ్చేసేది. లేచి కూర్చునేవాడు. వాగు అవతల మద్దిచెట్టు తల ఒక్కటే కనబడేది. ఈపాటికి చుక్కమ్మ వచ్చి ఉంటుంది, ఈపాటికి కుర్ర దుప్పులు కొమ్ములు రాసుకుంటూ ఉంటాయి అని తనలో తనే అనుకునేవాడు. గాలి ఇటు తిరిగితే పచ్చిక తెంపే చప్పుడు వినబడినట్టే ఉండేది. అంత దూరం వినబడదని వాడికీ తెలుసు. అయినా చెవులు రిక్కించి వినేవాడు. నేరేడు పండు చేతిలోనే నలిగిపోయేది. వాడికి ఆ కొమ్మ మీద, ఆ దుప్పుల మీద బెంగ పట్టుకుంది. ఇంతకంటే వేరే మాట లేదు.

ఇలా ఉండగా ఒకరోజు మద్దిచెట్టు మీద ఇంకో కొండముచ్చు కనబడింది. గంగులు! పోలయ్య కళ్ళ ముందు పెరిగిన కుర్రవాడు. నిన్నటిదాకా పోలయ్య పక్కన కూర్చుని "మామా, అదేంటి? మామా, ఇదేంటి?" అని అడిగినవాడు. వాడు తన కొమ్మ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

పోలయ్యకు ఒళ్ళు మండిపోయింది. "నా కొమ్మ మీద వాడా? వాడి కళ్ళెక్కడ, నా కళ్ళెక్కడ? వాడికంటే ముందు నేను చిరుతను పట్టుకుంటాను. అప్పుడు దుప్పులే నా కాళ్ళావేళ్ళా పడి పిలుస్తాయి" అనుకున్నాడు.

వెంటనే వాగు దాటి మద్దిచెట్టు పక్కనున్న ఇప్పచెట్టు ఎక్కాడు. ఎక్కాడే గానీ వాడి చూపు అడవి మీద లేదు, గంగులు మీద ఉంది. గంగులు తల తిప్పితే తనూ తిప్పాడు. గంగులు నోరు తెరిస్తే గుండె ఝల్లుమంది. తీరా చూస్తే అది ఆవలింత! అంతలో వాగు ఒడ్డున పొద కదిలింది. గంగులు ఇంకా మెడ చాచి చూస్తున్నాడు. పోలయ్య ఆగలేదు.

"ఖక్! ఖక్! ఖక్!"

దుప్పులు ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తాయి. ఒక ముసలి మగదుప్పి రాయి తగిలి ముందుకు పడింది. పొదలోంచి బయటికి వచ్చింది చిరుత కాదు. అడవిపంది. మూతి నిండా బురదతో "ఏమైంది? ఎవరైనా పోయారా?" అని అడిగింది.

గంగులు పైనుంచి కిసుక్కున నవ్వాడు. దుప్పులు నవ్వలేదు. అదే పోలయ్యకు ఎక్కువ నొప్పి పెట్టింది. మళ్ళీ బండల మీదికి పోయాడు.

ఇక్కడ నాకు పోలయ్య మీద కాస్త కోపంగానే ఉంది. పక్కవాడి నోటి వైపు చూస్తూ కూర్చునేవాడికి చిరుత ఎక్కడ కనబడుతుంది చెప్పండి?

నాలుగు రోజులు గడిచాయి. ఈసారి వాడికి ఇంకో ఆలోచన వచ్చింది. "తప్పు నాది. ఆ పిల్ల నా వల్లే పోయింది. నేను తినను. పడుకోను. ఇప్పచెట్టు మీదే కూర్చుని రాత్రీ పగలూ చూస్తాను. నా పాపం అలాగైనా పోతుంది" అనుకున్నాడు.

అన్నంత పనీ చేశాడు. ఒకరోజు తినలేదు. రెండో రోజు తినలేదు, నిద్రపోలేదు. మూడో రోజుకు కళ్ళు ఎర్రబడ్డాయి. చెట్టు మొద్దు చిరుతలా కనబడింది. బండరాయి చిరుతలా కనబడింది. చివరికి తన తోక నీడ చూసి తనే ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడ్డవాడు పట్టు తప్పాడు. కొమ్మ, కొమ్మ కింద కొమ్మ, దాని కింద నేల. దబ్బుమని పడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా చుక్కమ్మ నిలబడి ఉంది. ఆ రోజు తర్వాత అంత దగ్గరగా దాన్ని చూడటం అదే మొదలు. పోలయ్య చూపు దించుకున్నాడు.

"ఏంటిది?" అంది చుక్కమ్మ.

"కాపలా కాస్తున్నా అక్కా" అన్నాడు పోలయ్య నీరసంగా.

"దీన్ని కాపలా అంటారా? నిలబడే ఓపిక లేనివాడివి ఎవరిని కాస్తావు?"

"నా వల్ల నీ బిడ్డ పోయింది. ఏం తిన్నా నాకు గొంతు దిగట్లేదు. ఇలా ఎండిపోతే కాస్తయినా ఆ పాపం..."

"నువ్వు ఎండిపోతే నా బిడ్డ తిరిగొస్తుందా?"

పోలయ్య లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"చూడు పోలయ్యా" అంది చుక్కమ్మ. "నీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో పోదో కూడా తెలీదు. పోయిందని నీకోసం అబద్ధం చెప్పను. కానీ నువ్వు చస్తే నాకు ఒరిగేదేమీ లేదు. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మొన్న గంగులు మీద పంతంతో వచ్చావు. ఇవాళ నీ మీద నీకే కసి పుట్టి వచ్చావు. ఆ రెండూ తీసేస్తే, నీకు ఈ పని ఎందుకు?"

పోలయ్య చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"పొద్దున్నే మీరంతా వచ్చి మేస్తుంటే చూడాలనిపిస్తుందక్కా. మీకేం కాకూడదనిపిస్తుంది. బండల మీద కూర్చుంటే నాకు పొద్దుపోవట్లేదు. మీరెలా ఉన్నారో అనే ఉంటుంది. అంతే."

చుక్కమ్మ చెవులు రెండుసార్లు ఆడించింది. తర్వాత "గంగులు ఎటు చూస్తున్నాడో ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది.

పోలయ్య తల పైకెత్తాడు. మద్దిచెట్టు మీద గంగులు బుద్ధిగా కూర్చున్నాడు. రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. వాగు వైపు! వాడి వీపు గడ్డిదిబ్బ వైపు ఉంది.

"ఒరేయ్ గంగులూ!" అని పిలిచాడు పోలయ్య. "దిబ్బ వైపు కూడా చూడరా!"

"చిరుత వాగు దారినే వస్తుందని నువ్వే కదా మామా నేర్పావు!" అన్నాడు గంగులు. "వాగులో నీళ్ళు తగ్గుతున్నాయి. నిన్న మలుపు దగ్గర అడుగులు కూడా కనబడ్డాయి. అటు తిరిగితే ఇటు కనబడదు. ఒక్కణ్ణి ఎన్ని వైపులని చూడను?"

వాడు వెటకారంగా అనలేదు. ఉన్న మాటే అన్నాడు. పోలయ్యకు గుండెలో కలుక్కుమంది. తను పోయినా తన పొరపాటు ఆ కొమ్మ మీదే కూర్చుని ఉంది!

"దిబ్బ దగ్గర ఏ చెట్టుంది?" అని చుక్కమ్మను అడిగాడు.

"ఒక వంకర మోదుగ ఉంది. పొట్టిది. దాని మీద కూర్చుంటే నిన్నెవరూ చూడరు" అంది చుక్కమ్మ. "ముందు పోయి తిను. తర్వాత నిద్రపో. మిగతాది రేపు" అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పోలయ్య కడుపు నిండా తిన్నాడు. ఆ సాయంత్రం పడుకుని మర్నాడు ఎండ ముదిరాక లేచాడు. భుజం ఇంకా సలుపుతోంది. ఆ రోజు మోదుగ చెట్టు దాకా వెళ్ళి, కాసేపు కూర్చుని, వచ్చేశాడు. అంతే. రెండో రోజు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నాడు. తర్వాత ఇంకాస్త. ఆకలేస్తే దిగి తినేవాడు. కళ్ళు బరువెక్కితే గంగులుకు కేకేసి చెప్పి, వాడు ఇటు తిరిగాకే కునుకు తీసేవాడు.

ఆ వంకర కొమ్మ కూర్చోడానికి బాగుండేది కాదు. చీమలు కుట్టేవి. అక్కడి నుంచి దుప్పులు కనబడేవి గానీ వీపులు మాత్రమే కనబడేవి. పొద్దున్నే అవి మెడలెత్తి మద్దిచెట్టు వైపు చూసేవి. గంగులు ఉన్నాడని తలలు దించుకునేవి. అది చూసినప్పుడల్లా పోలయ్యకు ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండునని ఉండేది. ఎవరూ తిరిగేవారు కాదు. వాడు కళ్ళు తుడుచుకుని దిబ్బ వైపు తిరిగేవాడు.

దిబ్బను మొదటి నుంచీ నేర్చుకున్నాడు. గాలికి గడ్డి ఎలా ఊగుతుందో చూశాడు. కుందేలు దూరితే ఎలా ఊగుతుందో చూశాడు. గాలికైతే దిబ్బంతా ఒకేసారి వంగుతుంది. ఏదైనా నడిస్తే ఒక గీత మాత్రమే కదులుతుంది. తనకు అన్నీ తెలుసనుకున్న రోజుల్లో ఈ సంగతి వాడికి తెలియదు. తెలుసుకుంటుంటే వాడికి మళ్ళీ కొంచెం కొంచెంగా ఉత్సాహం పుట్టింది. రేపు ఏం కనబడుతుందో అని తెల్లవారడం కోసం ఎదురుచూడసాగాడు.

ఒక నెల గడిచింది. ఒకరోజు పొద్దున్నే ఎండ బాగా కాస్తోంది. గాలి లేదు. దుప్పులు ఆదమరిచి దిబ్బ దగ్గరి దాకా వచ్చి మేస్తున్నాయి. చుక్కమ్మ అన్నిటికంటే వెనక ఉంది. దిబ్బకు దగ్గరగా.

గడ్డిలో ఒక గీత కదిలింది.

పోలయ్య ఊపిరి బిగబట్టాడు. గీత ఆగింది. మళ్ళీ కదిలింది. చుక్కమ్మ వైపే వస్తోంది. ఒళ్ళు కనబడలేదు, చెవి కనబడలేదు. పోలయ్య నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

"మళ్ళీ అడవిపంది అయితే? ఈసారి నన్ను ఈ మోదుగ మీద కూడా ఉండనివ్వరు. ఇంకాస్త ఆగుదాం. చెవి కనబడితే అప్పుడు అరుద్దాం" అనిపించింది.

గీత ఇంకో రెండు బారలు ముందుకు వచ్చింది. చుక్కమ్మ తల దించి మేస్తూనే ఉంది.

"పందైతే అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ!" అనుకున్నాడు పోలయ్య. అప్పుడు వాడికి తన పరువు గుర్తురాలేదు. మద్దిచెట్టు గుర్తురాలేదు. వంగి మేస్తున్న ఆ మెడ ఒక్కటే కనబడింది.

"ఖక్! ఖక్! ఖక్!"

గొంతు బొంగురుపోయి వచ్చింది. అయినా వచ్చింది. దుప్పులు ఒక్కసారిగా తలలెత్తాయి. "పోలయ్య గొంతు కదా? పంది వచ్చిన రోజు కూడా ఇలాగే..." అని ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. కాళ్ళు కదపలేదు. చుక్కమ్మ కూడా తలెత్తింది. మోదుగ చెట్టు వైపు చూసింది. పోలయ్య కళ్ళలోకి చూసింది. మరుక్షణం ముందుకాలితో నేలను గట్టిగా తన్ని, బాణంలా పరుగు తీసింది. దాన్ని చూసి మంద మొత్తం పరిగెత్తింది.

చుక్కమ్మ నిలబడిన చోటికి చిరుత దూకింది. ఖాళీ నేల మీద దూకింది. అప్పటికి మద్దిచెట్టు మీది నుంచి గంగులు కూడా కేకలు అందుకున్నాడు. చిరుత ఇటొకసారి, అటొకసారి చూసింది. మొహం ముడుచుకుని దిబ్బ ఎక్కి వెళ్ళిపోయింది.

కాసేపటికి గంగులు మోదుగ దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మామా, నాకు కనబడనే లేదు! పద, నీ కొమ్మ నువ్వు ఎక్కు. నేనిక్కడ కూర్చుంటా" అన్నాడు.

పోలయ్య మద్దిచెట్టు వైపు చూశాడు. చిటారు కొమ్మ ఎండలో మెరుస్తోంది. ఎక్కాలని లేదంటే అబద్ధమే. "వద్దులేరా" అన్నాడు. "ఈ గడ్డి భాష ఇప్పుడిప్పుడే నాకు వస్తోంది. నువ్వు వాగు చూడు, నేను దిబ్బ చూస్తా."

ఆ రోజు దుప్పులేవీ వచ్చి పొగడలేదు. బెదురు తీరి, మళ్ళీ మేతలో పడ్డాయి. పొద్దు వాలుతుండగా చుక్కమ్మ ఒక్కతే మోదుగ చెట్టు కిందికి వచ్చి నిలబడింది.

"నువ్వు అరిచినప్పుడు నా బిడ్డే గుర్తొచ్చింది" అంది. "ఆ రోజు కూడా ఇలా అరిచి ఉంటే అనిపించింది."

"నాకూ అదే అనిపించిందక్కా" అన్నాడు పోలయ్య.

ఇద్దరూ దిబ్బ వైపు చూస్తూ ఉండిపోయారు. వెళ్ళబోతూ చుక్కమ్మ ఆగింది.

"రేపు వస్తావా?" అని అడిగింది.

"వస్తాను" అన్నాడు పోలయ్య.

నీతి: దెబ్బతిన్న తర్వాత మళ్ళీ మొదలుపెట్టడానికి ఒకరి మీద పంతం గానీ, మన మీద మనకు కసి గానీ దారి చూపవు. పని మీద ప్రేమతో, మన అవసరం ఉన్న చోట, చిన్నగా మొదలుపెట్టినవాడే నిలబడతాడు.